కోత మాస్టారి పదిహేడో నంబరు

మా ఆసుపత్రి వెనక భవనంలో, రెండో అంతస్తులో కోతగది ఉంది. పేరు వినగానే గుండెలు పట్టుకునేవాళ్ళున్నారు గానీ, అక్కడ కోసేది మనుషుల్ని కాదు. మనుషుల్లోంచి డాక్టర్లు తీసి పంపిన గింజంత ముక్కల్ని. ఆ ముక్కని మందుల్లో నానబెట్టి, కరిగిన మైనంలో ముంచి దిమ్మగా గడ్డకట్టిస్తారు. దిమ్మని యంత్రానికి బిగించి చక్రం తిప్పుతుంటే, కత్తి అంచు మీద నుంచి పొరకి పొర అతుక్కుని సన్నటి రిబ్బనులా జారుతుంది. ఒక్కో పొర మందం తలవెంట్రుకలో పదిహేనో వంతు ఉంటుందేమో. దాన్ని కుంచె మొనతో అందుకుని, గోరువెచ్చని నీళ్ళ మీద పరిచి, ముడత లేకుండా గాజు స్లయిడు మీదికి ఎత్తాలి. రంగు వేశాక పై డాక్టర్లు సూక్ష్మదర్శినిలో చూసి, ఫలానా జబ్బు అని తేలుస్తారు.

ఆ యంత్రం ముందు ఇరవై రెండేళ్ళు కూర్చున్న మనిషిని అందరూ కోత మాస్టారు అనేవాళ్ళు. నేను ఆయన పక్కబల్ల దగ్గర కూర్చుని స్లయిడ్ల మీద నంబర్లు రాసి అంటించేదాన్ని. పదమూడేళ్ళు అలా ఆయన మోచేతికి రెండడుగుల దూరంలో గడిపాను. అందుకని ఆయన కథ చెప్పడానికి నాకు కాస్త అర్హత ఉందనుకుంటాను.

ఆ పనిలో చేతి నైపుణ్యం కన్నా ఊపిరి నైపుణ్యం ముఖ్యం. దిమ్మ మరీ గట్టిగా ఉంటే నోరు దగ్గర పెట్టి "హా" అని వెచ్చటి ఊపిరి ఊదాలి, మైనం కాస్త దారికొస్తుంది. రిబ్బను జారడం మొదలైందా, ఇక ఊపిరి బిగబట్టాలి. ముక్కులోంచి ఏమాత్రం గాలి వచ్చినా పొర ఎగిరిపోయి ఎదుటివాళ్ళ చొక్కాకి అంటుకుంటుంది. ఒక రోగి ముక్క అలా చొక్కా మీదికెక్కితే మళ్ళీ దొరికేది కాదు. అలాంటి పనికి దేవుడు ఏరికోరి ఉబ్బసం ఉన్న మనిషిని కూర్చోబెట్టాడు. ఎందుకో ఆయనకే తెలియాలి.

ఊపిరి ఎక్కువసేపు నిలవదు కనక మాస్టారు రిబ్బనుని నాలుగు పొరలకే తుంచేసేవాడు. ఇతర ఆసుపత్రుల్లో పదేసి, పన్నెండేసి తీస్తారు. ఎవరైనా అడిగితే, "నాలుగు దాటితే రిబ్బను నడుము వంగుతుంది" అని గంభీరంగా సెలవిచ్చేవాడు. అది శాస్త్రమైపోయింది. నేర్చుకోవడానికి వచ్చిన కుర్రవాళ్ళు, ఏటికి ఎదురీదగల ఊపిరితిత్తులున్నవాళ్ళు కూడా, భక్తిగా నాలుగు దగ్గర తుంచేసేవారు. ఒకాయన దాన్ని నోటుపుస్తకంలో రాసుకుని కింద గీత కూడా గీసుకున్నాడు.

ఉబ్బసం ఉందని మాస్టారు ఎందుకు దాచాడంటే, గది తలుపు మీద ఒక కాగితం ఉంది. మందుల ఆవిర్లుండే గది కాబట్టి ఊపిరి జబ్బులున్నవాళ్ళు ఇక్కడ పనిచేయకూడదని దానిలో రాశారు. మాస్టారికి ముందు ఆ కుర్చీలో ఉన్న పెద్దాయనకి ఆయాసం బయటపడితే, మర్నాటికల్లా కింద ముక్కల సీసాలు అందుకునే రసీదుల కౌంటరుకి మార్చారు. పొర ఎత్తడంలో ఆయన్ని మించినవాడు లేడట. కౌంటరు దగ్గర అరచేతులు మోకాళ్ళ మీద పెట్టుకుని, ఏం చేయాలో తెలియని పెళ్ళికొడుకులా కూర్చునేవాడట. మాస్టారు ఆ దృశ్యం కళ్ళారా చూశాడు. తనకి ఆయాసం మొదలైన రోజునే కోటు లోపలి జేబులో ఇన్‌హేలరు పెట్టుకుని, దానిమీద చేతిరుమాలు కప్పాడు.

ఆ నీలం ఇన్‌హేలరు ఆపదలో పీల్చేది. రోజూ క్రమం తప్పకుండా పీల్చాల్సిన మందు వేరే ఉంది. బయటి డాక్టరు అదీ రాసిచ్చాడు. మాస్టారు దాన్ని ఇంట్లో అల్మరాలో, అట్టపెట్టె కూడా విప్పకుండా, భద్రంగా ఉంచాడు.

"ఏమండీ, దాన్ని చూస్తే తగ్గుతుందా? పీల్చాలి కదా" అనేది ఆయన భార్య.

"నీకు తెలియదులే. గొట్టం చుట్టూ కండ ఉంటుంది. అది బిగుస్తుంది. నీలం మందు పీలిస్తే వదులవుతుంది. తలుపుకి గడియ వేస్తాం, తీస్తాం. గడియ తీశాక తలుపుకి ఏమవుతుంది?"

"పగలంతా అక్కడ కోతలు కోసి, ఇంటికొచ్చీ కోతలేనా!" అని ఆవిడ నవ్వేది. ఈ మాట ఆవిడే నాకు చెప్పింది.

నిజానికి గడియ ఏం చేస్తుందో మాస్టారు రోజూ కోస్తూనే ఉన్నాడు. ఉబ్బసంతో ఏళ్ళ తరబడి బాధపడ్డవాళ్ళ ఊపిరిగొట్టాలు మా గదికి వచ్చేవి. రంగు వేస్తే కండ గులాబీ పట్టీలా, గోడలో మూడొంతులు ఆక్రమించి కనిపించేది. కొత్తవాళ్ళకి ఆయనే చూపించేవాడు. "చూశావా, బస్తాలు మోసేవాడి భుజంలా ఎలా ఉబ్బిందో. మామూలు మనిషికి ఇది దారప్పోగంత ఉంటుంది" అని. కానీ ఆయన లెక్కలో స్లయిడు మీద ఉన్నది జబ్బు, తనకున్నది ఆయాసం. రెంటికీ చుట్టరికం లేదు.

తన ఆయాసం సంగతి ఆసుపత్రిలో ఎవరికీ తెలియదని ఆయన నమ్మకం. ఊడ్చే అక్క మా గదికి వచ్చేముందు నేలమీద నీళ్ళు చిలకరించి, తడిగుడ్డతోనే తుడిచేది. పక్కగదుల్లో పొడి చీపురే. అడిగితే "ఇక్కడి దుమ్ము మొండిది" అనేది. కాపలా బాబాయి పొద్దున్న తొమ్మిదింటికి లిఫ్టుని కిందికి దింపి, తలుపుకి కాలు అడ్డం పెట్టి ఉంచేవాడు. "నాకు మోకాళ్ళు నొప్పులు, నేనూ పైకే" అని మాస్టారితో ఎక్కి, వెంటనే దిగి వచ్చేసేవాడు. నేను, ఆయన ఆయాసపడుతున్నప్పుడు, నంబరు తప్పు రాసినట్టు నటించి కాగితాలు వెతుక్కుంటూ తల తిప్పుకునేదాన్ని. మేం ముగ్గురం ఒకరితో ఒకరం ఎప్పుడూ అనుకోలేదు. అది దయ అనుకున్నాం. ఆ దయ నీడలో ఆ కండ ఎంత హాయిగా పెరిగిందో అప్పుడు మాకు తోచలేదు.

ఇలా ఉండగా మా డాక్టరమ్మ ఒక పరిశోధన మొదలుపెట్టింది. ఆవిడ తలుపు మీద "శ్వాసనాళాల ప్రత్యేక నిపుణురాలు" అని ఇత్తడి అక్షరాల్లో ఉంటుంది. మంచి మనిషి. సూక్ష్మదర్శినికి కళ్ళు ఆనిస్తే ఇల్లు కూలినా తెలియదు. ఉబ్బసం ఉన్నవాళ్ళ నుంచి పన్నెండు ముక్కలు, లేనివాళ్ళ నుంచి పన్నెండు ముక్కలు తీసి, ఎవరిది ఎవరిదో తెలియకుండా నంబర్లు వేసి, కండ మందం కొలవాలని ఆవిడ పథకం. ఉబ్బసం ఉన్నవాళ్ళు వారంలోనే దొరికారు. ఆరోగ్యవంతులు పదకొండు దగ్గర ఆగిపోయారు. ఏ జబ్బూ లేకుండా గొంతులోకి గొట్టం వేయించుకోవడానికి ఎవరు ముందుకొస్తారు?

ఒకరోజు ఆవిడ మా గదికి వచ్చి, బల్లకి ఆనుకుని, "ఇంకొక్కరు, మాస్టారూ. ఒక్క ఆరోగ్యవంతుడు దొరికితే పని పూర్తవుతుంది" అంది. అని, హఠాత్తుగా ఆయన వైపు చూసింది. "అవునూ, మీరున్నారుగా! ఆయాసం, దగ్గు, అలాంటివేమీ లేవుగా మీకు?"

గదిలో నలుగురం ఉన్నాం. మాస్టారు కాదంటే ఎందుకని అడుగుతారు. ఎందుకో చెబితే తలుపు మీది కాగితం ఉంది.

"నాకేమమ్మా, గుండ్రాయిలా ఉన్నాను" అన్నాడు.

నేను అప్పుడే నోరు తెరవాల్సింది. తెరవలేదు. కాగితాలు వెతుక్కున్నాను.

గొట్టంలోకి ఊదే పరీక్ష చేశారు. దానికి పావుగంట ముందు మాస్టారు బాత్రూములో నీలం మందు రెండుసార్లు పీల్చి వెళ్ళాడు. అలా పీల్చకూడదని వాళ్ళు చెప్పే ఉంటారు. ఊదితే అంకెలు బ్రహ్మాండంగా వచ్చాయి. పరీక్ష చేసినాయన "ఈ వయసులో ఇంత ఊపిరా!" అన్నాడట. మాస్టారు ఆ మాటని మాకు మూడుసార్లు చెప్పాడు. నమ్మినట్టే చెప్పాడు కూడా.

మర్నాడు గొంతు మొద్దుబారడానికి మందు కొట్టి, సన్నటి గొట్టం దింపి, బియ్యపుగింజంత ముక్కలు రెండు తుంచారు. మధ్యలో ఊపిరి పట్టేసింది. ఆక్సిజను పెట్టాల్సివచ్చింది. నర్సమ్మ ఆయన చెయ్యి పట్టుకుని, "భయపడ్డారు అంతే, పెద్ద పెద్దవాళ్ళే భయపడతారు" అని చివరిదాకా వదల్లేదట. అబద్ధం తనది, ఓదార్పు ఆవిడది. ఆ చెయ్యి వెచ్చదనం గుర్తొస్తే ఇప్పటికీ సిగ్గేస్తుందని మాస్టారు తర్వాతెప్పుడో నాతో అన్నాడు. సీసా మీద నర్సమ్మ అంటించిన నంబరు పదిహేడు. చూడకూడదనుకుంటూనే చూశాడు.

ఇరవై నాలుగు దిమ్మలూ మా గదికే వచ్చాయి. వరసగా కోస్తూ పోయాడు. పదిహేడు రాగానే చక్రం ఆపి, చేతులు కడుక్కుని, కత్తి కొత్తది మార్చాడు. దిమ్మ గట్టిగా ఉంది. నోరు దగ్గర పెట్టి "హా" అని ఊదాడు. తన ఊపిరిగొట్టం మీదికి తనే ఊపిరి ఊదిన మనుషులు ఈ లోకంలో ఎందరుంటారో నాకు తెలియదు.

అంత జాగ్రత్తగా ఆయన కోయగా నేనెప్పుడూ చూడలేదు. రంగు వేశాక, కోత సరిగ్గా వచ్చిందో లేదో చూడటానికి మా బల్ల మీద చిన్న సూక్ష్మదర్శిని ఉంటుంది. దానిలో ఏ స్లయిడునైనా అరనిమిషం చూస్తాడు. పదిహేడుని చాలాసేపు చూశాడు. తల ఎత్తి, కళ్ళద్దాలు తుడుచుకుని, మళ్ళీ చూశాడు.

"ఎలా వచ్చింది మాస్టారూ?" అన్నాను.

"కోత బాగా వచ్చింది" అన్నాడు. ఆ రోజు అన్నం డబ్బా తెరవకుండానే తిరిగి ఇంటికి తీసుకెళ్ళాడు.

మూడు వారాలకి డాక్టరమ్మ కొలతలన్నీ పూర్తిచేసి, ఎవరి నంబరు ఏ వరసలోదో ఉన్న కవరు విప్పింది. మధ్యాహ్నం పదిహేడో స్లయిడు పట్టుకుని మా గదికి వచ్చింది. నేను నంబర్లు రాయడం ఆపేశాను.

"మాస్టారూ, మిమ్మల్ని ఒకటి అడగాలి. తప్పుగా అనుకోవద్దు. ఆరోగ్యవంతుల వరసలో పదకొండుమందికి కండ దారంలా ఉంది. ఈ పదిహేడుకి మాత్రం తాడులా ఉంది. ఇది వాలుగా కోసినట్టుంది."

"వాలుగానా?"

"క్యారెట్టుని అడ్డంగా కోస్తే చిన్న ముక్క, ఏటవాలుగా కోస్తే పెద్ద ముక్క. కోత వాలితే సన్నటి కండ కూడా లావుగా కనిపిస్తుంది. మీకు నేను చెప్పాలా? పర్వాలేదు, ఇన్నేళ్ళలో ఒక్కటి. దీన్ని పక్కన పెట్టేస్తాను. మీరు ఊఁ అంటే చాలు, కోత చెడిందని రాసేస్తాను."

ఇంతకన్నా తేలిక దారి దేవుడు ఎవరికీ చూపించి ఉండడు. ఒక్క "ఊఁ". కుర్చీ నిలుస్తుంది, గుట్టు నిలుస్తుంది, పరిశోధనలో తప్పు లెక్క కూడా పోతుంది. అనెయ్యి మాస్టారూ అని మనసులో మొక్కుకున్నాను.

ఆయన "ఊ..." అని మొదలుపెట్టాడు కూడా. ముఖం కందగడ్డలా అయింది.

"వాలు లేదమ్మా" అన్నాడు.

"అరే, నేను తప్పు పట్టడంలేదు."

"పైపొర చూశారా? కణాలు ఒకే వరసలో నిలబడ్డాయా లేదా? వాటి తలమీద వెంట్రుకలు గడ్డిపరకల్లా నిటారుగా ఉన్నాయా లేదా? వాలితే వరస మీద వరస పడదా? మీరు కండ చూశారు, అంచు చూడలేదు."

డాక్టరమ్మ మా చిన్న సూక్ష్మదర్శిని దగ్గరే కూర్చుంది. చూసింది. కాస్త జరిపి మళ్ళీ చూసింది.

"నిజమే. కోత నిటారుగానే ఉంది" అంది. మాస్టారి ముఖం మీద కనిపించిన ఆనందం, పరీక్ష పాసైన పిల్లవాడి ముఖంలో కూడా నేను చూడలేదు. తన ఊపిరిగొట్టం పాడైపోయిందని ఆధారాలతో నిరూపించి మరీ సంతోషపడ్డవాడు ఆయనొక్కడే.

"మరి ఆరోగ్యవంతుడికి ఇంత కండ ఎందుకుంటుంది?" డాక్టరమ్మ కనుబొమలు ముడిపడ్డాయి. చూపు మెల్లగా నా బల్ల వైపు తిరిగింది. "ఒకవేళ నంబర్లు అంటించేటప్పుడు ఏమైనా..."

"ఆరోగ్యవంతుడు కాదమ్మా వాడు" అన్నాడు మాస్టారు.

"మీకెలా తెలుసు? కవరు నా దగ్గరే ఉంది కదా."

"వాణ్ణి నేనే కనక."

గదిలో నీళ్ళ తొట్టి చిన్నగా గురగురమంటోంది. డాక్టరమ్మ సూక్ష్మదర్శిని ముందునుంచి లేచింది.

"ఎన్నేళ్ళనుంచి?"

"పదిహేనేళ్ళు."

"పదిహేనేళ్ళు! నా గదికి పదడుగుల దూరంలో! ఎవరికి తెలుసు ఇది?"

"ఎవరికీ తెలియదమ్మా. ఒక్క మా ఇంటావిడకి తప్ప."

గుమ్మంలో తడిగుడ్డ పట్టుకుని నిలబడ్డ ఊడ్చే అక్క ఆగలేకపోయింది. "అయ్యో అన్నా, నాకు తెలియకపోవడమేంటి! నువ్వు మెట్ల దగ్గర ఈల వేసినట్టు ఊపిరి తీస్తుంటే కింద కాంటీను దాకా వినిపిస్తుంది. బాబాయికి కూడా తెలుసు."

మాస్టారు నా వైపు తిరిగాడు. "నీకూనా అమ్మాయ్?"

తల వంచుకున్నాను.

"అంటే ఈ భవనంలో నాకొక్కదానికే తెలియదన్నమాట" అంది డాక్టరమ్మ. కోపం తెచ్చుకోవాలని ప్రయత్నించింది గానీ, నవ్వు ముందొచ్చేసింది. ఆ వెంటనే కళ్ళు తుడుచుకుంది. "ఆ రోజు గొట్టం దింపినప్పుడు మీకేమైనా అయ్యుంటే? ఒక్క ముక్క కోసం మనిషిని పోగొట్టుకునేదాన్ని కదండీ!"

మాస్టారు తల వంచుకుని, "నీలం మందుతో మళ్ళీ మామూలైపోతుందనుకున్నానమ్మా" అన్నాడు.

"బిగుసుకున్నది వదులవుతుంది. కానీ ఏళ్ళ తరబడి బిగుస్తూ వదులవుతూ ఉంటే, ఆ కండలో కణాలు పెరుగుతాయి, ఉబ్బుతాయి. గోడ మందమవుతుంది, దారి ఇరుకవుతుంది. ఇరవై రెండేళ్ళుగా ఇది నాకు కోసి ఇస్తున్నది మీరే కదా!"

"ఈ లావు మళ్ళీ తగ్గుతుందా?"

"పూర్తిగా తగ్గుతుందని మాట ఇవ్వలేను. రోజూ పీల్చే మందు వాడితే వాపు తగ్గుతుంది, ఆయాసాలు తగ్గుతాయి. ఉన్న దారిని కాపాడుకోవచ్చు."

పదిహేడుని ఆరోగ్యవంతుల వరసలోంచి తీసేసి, జరిగింది జరిగినట్టు కాగితం మీద పెట్టింది. తలుపు మీది నియమాన్ని కూడా ఆవిడ పక్కకి నెట్టలేదు. నెట్టగలిగినా నెట్టనని ఆయన ముఖం మీదే చెప్పింది. రెండు రోజుల్లో మాస్టారిని కింది కౌంటరుకి మార్చారు. ఎవరి కుర్చీని తలుచుకుని పదిహేనేళ్ళు ఊపిరి దాచుకున్నాడో, ఆ కుర్చీయే.

వెళ్ళే రోజున ఆయనకి ఒక కృతజ్ఞత చెప్పుకోవాలని లిఫ్టు దాకా వెళ్ళాను. "డాక్టరమ్మ చూపు నా మీదికి రాగానే మీరు బయటపడిపోయారు మాస్టారూ. నా మీదికి మాట రానివ్వలేదు. మీ మేలు మరిచిపోను" అన్నాను.

ఆయన అయోమయంగా చూశాడు. "నీ మీదికా? నువ్వెందుకొచ్చావమ్మా మధ్యలో? నేనసలు గమనించనే లేదు. ఇరవై రెండేళ్ళు కోశాక వాలు కోత అంటే ఎవరికి మాత్రం ఒళ్ళు మండదు?"

అయినా నేను కృతజ్ఞత వెనక్కి తీసుకోలేదు. దేవుడు మేలు చేయించడానికి మంచి ఉద్దేశమే కావాలని పట్టుబట్టడు.

ఇంట్లో ఆయన భార్య కథంతా విని, "ఒంటిమీద ఎక్కడా చిటికెడు కండ లేదు, అక్కడ మాత్రం పట్టిందా!" అందట. అని, అల్మరాలోని అట్టపెట్టె విప్పి, గడువు దాటిపోయిందని చూసి, కొత్తది తెప్పించింది. పొద్దున, సాయంత్రం ఎదురుగా నిలబడి పీల్పిస్తోంది. పీల్చాక నోరు పుక్కిలించేదాకా కదలనివ్వదు.

కౌంటరు దగ్గర మొదటి నెల మాస్టారు మోకాళ్ళ మీదే చేతులు పెట్టుకున్నాడు. తర్వాత, వచ్చిన సీసాల్లో ముక్క నానే మందు చాలకపోతే కనిపెట్టడం, భయంతో వచ్చినవాళ్ళకి ముక్క ఎక్కడికి వెళుతుందో, ఏమవుతుందో నింపాదిగా చెప్పడం మొదలుపెట్టాడు. ఒక ముసలమ్మ ఫలితం వచ్చేదాకా రోజూ వచ్చి ఆయన ఎదురుగా బెంచీ మీద కూర్చుని వెళ్ళేది. తన వంతు కాకపోయినా.

కుర్చీ పోయిన బాధ పోలేదు. పోయిందని నేను రాయను. రెండో అంతస్తులో చక్రం తిరిగే చప్పుడు కిందికి వినపడదు, అయినా ఆయన అప్పుడప్పుడు తల ఎత్తి పైకప్పు వైపు చూస్తుంటాడు.

మొన్న కొత్త విద్యార్థులు వచ్చారు. లావెక్కిన కండ ఎలా ఉంటుందో చూపించడానికి డాక్టరమ్మ ఎంచుకున్నది పదిహేడో స్లయిడే. ఎవరిదో చెప్పననీ, ఇష్టం లేకపోతే వేరేది చూపిస్తాననీ ముందే మాస్టారి అనుమతి అడిగింది. ఆయనే "దానంత నిటారుది ఇంకోటి లేదు" అన్నాడట. కోత గురించి చెప్పడానికి ఆయన్నే కౌంటరు నుంచి పైకి పిలిపించింది. తెర మీద ఆయన ఊపిరిగొట్టం గోడ, గులాబీ రంగులో, మనిషంత ఎత్తున పరుచుకుంది. మాస్టారు కర్ర పట్టుకుని పక్కన నిలబడ్డాడు.

వెనక వరసలోంచి ఒకమ్మాయి, "పాపం, ఇంత లావెక్కితే ఊపిరెలా ఆడుతుందండీ? ఈ మనిషి ఇప్పుడున్నాడా?" అని అడిగింది.

"ఉన్నాడు. మందు కూడా వేళకి పీలుస్తున్నాడు" అన్నాడు మాస్టారు. "అది సరే గానీ అమ్మాయ్, ముందు ఈ అంచు చూడు. ఒక్క వెంట్రుకైనా వాలిందా?"